కారణము వేరు, నేరము వేరు

ఇంట పసిబిడ్డ తరచు జబ్బుపడుచుండగా, వైద్యుడు పరీక్షించి "ఇది పుట్టుకతో వచ్చినది" అని చెప్పిన మరుక్షణమున మన కుటుంబములలో పుట్టు ప్రశ్న ఒక్కటే: "ఎవరి వైపునుండి వచ్చినది?" పైకి ఇది సంగతి తెలిసికొనగోరు ప్రశ్నవలె కనిపించును. అడుగువారి కంఠస్వరమును వినినచో అందు వేరొక ప్రశ్న దాగియున్నట్లు తెలియును. అది "ఎవరిది తప్పు?" అను ప్రశ్న. మొదటిది కారణమును గూర్చినది. రెండవది నేరమును గూర్చినది. ఈ రెంటిని కలిపివేయుటవలన ఎందరు కోడండ్రు పుట్టిండ్లకు పంపబడిరో, ఎన్ని సంబంధములు చెడినవో, ఎందరు పిల్లలకు వైద్యము ఆలస్యమైనదో లెక్కించువారు లేరు. ఆ రెండు ప్రశ్నలను వేరుచేసి, వంశమునుండి సంక్రమించు వ్యాధుల విషయమున మన ధర్మమేమో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మన భాషలో 'రాత' అను మాటకు రెండర్థములు కలవు. వ్రాసిన అక్షరము ఒకటి, విధి మరియొకటి. దేహమును గూర్చిన నేటి శాస్త్రము మొదటి అర్థమున మన యందు నిజముగానే ఒక రాత కలదని చూపినది. కణ కేంద్రకములో డి.ఎన్.ఎ. అను పదార్థము సన్నని దారమువలె చుట్టుకొనియుండును. దాని వర్ణమాలలో నాలుగే అక్షరములు. ఆ నాలుగింటితోనే సుమారు 300 కోట్ల అక్షరముల గ్రంథము కూర్చబడినది. తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి మనకు లభించును. ఈ గ్రంథమును చదువు మహాప్రయత్నము 1990లో ఆరంభమై 2003 నాటికి చాలవరకు ముగిసినది. చదువరాక మిగిలిన భాగములు 2022లో పూరింపబడినవి. మాంసకృత్తుల నిర్మాణమును తెలుపు జన్యువులు ఇందు సుమారు 20,000. మాంసకృత్తుల కూర్పును చెప్పు అక్షరములు మొత్తము గ్రంథమున నూటికి రెండుపాళ్లు కూడ లేవు. మిగిలినదానిలో కొంత భాగము, ఏ జన్యువు ఎప్పుడు, ఏ కణమున, ఎంతమాత్రము పనిచేయవలెనో నియమించును.

తాళపత్ర గ్రంథములను పరిష్కరించువారికి పాఠాంతరములు సుపరిచితములు. ఒకే కావ్యమునకు పది ప్రతులున్నచో పదియు అక్షరాక్షరము ఏకమై యుండవు. మానవుల సంగతియు అట్టిదే. శాస్త్రజ్ఞులు పోల్చి చూచుటకు ఉంచుకొన్న ప్రతితో సరిపోల్చినచో, మనలో ఒక్కొక్కరి యందు 40 నుండి 50 లక్షల చోట్ల భేదము కనిపించును. వానిలో అత్యధికము నిరపాయములు. కొన్ని కన్నుల రంగును, ఎత్తును, ఔషధము ఒంటికి పడు తీరును కొంత మార్చును. బహుకొద్ది మాత్రమే రోగహేతువులు. పోల్చుటకు ఉంచుకొన్న ప్రతి సైతము లోపరహితమైన ఆదర్శప్రతి కాదు. అదియు కొందరు మానవులనుండి సేకరించినదే. కావున ప్రతి పాఠాంతరమును అపపాఠమనుట ఎట్లు తగదో, ప్రతి జన్యుభేదమును దోషమనుటయు అట్లే తగదు. భేదము లేని మనిషి లేడు.

ఒక్క అక్షరభేదము కణమున ఏమి చేయును, కణమునుండి దేహమునకు ఎట్లు ప్రాకును అనుదానిని తెలిసికొనుటకు కొడవలి కణ వ్యాధి చక్కని నిదర్శనము. ఆస్పత్రులలో దీనిని సికిల్ సెల్ వ్యాధి యందురు. 1910లో చికాగో నగర వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక విద్యార్థి రక్తమున కొడవలివలె వంగిన ఎర్రకణములను చూచినట్లు ప్రకటించెను. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు, ఈ రోగమునకు మూలము రక్తమునకు ఎర్రదనమునిచ్చు హీమోగ్లోబిన్ అణువునందే కలదని నిరూపించిరి. హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనబడు భాగమున 146 అమైనో ఆమ్లములు వరుసగా కూర్చబడియుండును. వానిలో ఆరవ స్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు మారుగా వాలీన్ చేరుటయే భేదమని 1957లో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చెను. డి.ఎన్.ఎ.లో మారినది ఒకే ఒక అక్షరము. 'హారము' అను పదమున మొదటి అక్షరము మారినంతనే అది 'భారము' అగుచున్నది గదా!

ఆ ఒక్క మార్పు చేయు పని యేమి? గ్లుటామిక్ ఆమ్లము నీటితో పొందుగా నుండును. వాలీన్ నీటికి విముఖము. అందుచేత ప్రాణవాయువును దేహమునకు అందించి రిక్తమైన హీమోగ్లోబిన్ అణువులు ఒకదానినొకటి అంటుకొని బిరుసైన పేలికలుగా పెనవేసికొనును. మెత్తగా వంగి సన్నని కేశనాళికలగుండ సాగిపోవలసిన కణము కొడవలి రూపము దాల్చి అడ్డుపడును. అడ్డుపడినచోట రక్తము అందక ఎముకలలో, రొమ్మున దుర్భరమైన నొప్పి కలుగును. మామూలుగా 120 దినములు జీవించు ఎర్రకణము ఈ రోగమున 10 నుండి 20 దినములకే నశించును, అదియే రక్తహీనత. ప్లీహము చెడుటవలన అంటురోగములు సులభముగా సోకును. మూత్రపిండములు నీటిని నిలుపుకొను శక్తిని కోల్పోవును. తరగతిలో మాటిమాటికి నీళ్లకు, బయటకు పోవ సెలవడుగు పిల్లవానిని, ఆటలలో త్వరగా అలసి కూర్చుండు పిల్లవానిని సోమరియని గద్దించు ఉపాధ్యాయులు ఈ సంగతి నెరుగుట మేలు. నీరు త్రాగుట వానికి మందుతో సమానము.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన దేశమున ఈ లక్షణము మొదట 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తింపబడినది. ఆదిలాబాదు ప్రాంతపు గోండు, కొలాము జనులలోను, విశాఖ మన్యములోను ఇది కలదు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ఆరంభింపబడిన జాతీయ కార్యక్రమము, 40 ఏండ్లలోపు వయసుగల 7 కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మిగులకుండ చేయవలెనని సంకల్పించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును అందు చేరియున్నవి. "అది అడవిజనుల వ్యాధి, మనకేమి?" అనువారు మరియొక సంగతి వినవలెను. ఇదే బీటా గొలుసు జన్యువున వేరు వేరు అక్షరములు మారుటవలన గొలుసు తయారగుటయే తగ్గినచో అది బీటా థలసీమియా. మన దేశమున నూటికి ముగ్గురు నలుగురు దానికి వాహకులని అంచనా. ఏ కులమును దానికి అతీతము కాదు.

ఇంతవరకు చెప్పినది విని "అయినచో అది చెడ్డ అక్షరమే గదా" అని ఎవరైనను అనవచ్చును. తొందరపడరాదు. కొడవలి కణ అక్షరము రెండు ప్రతులలోను ఉన్నవాడే రోగి. ఒక ప్రతిలో మాత్రమే ఉన్నవాడు వాహకుడు. అతడు సాధారణముగా ఆరోగ్యవంతుడు. అంతేకాదు. 1954లో ఆంథొనీ ఆలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో పరిశీలించి, వాహకులకు ప్రాణాంతకమైన మలేరియానుండి రక్షణ కలదని చూపెను. మలేరియా పురుగు చొచ్చిన కణము వాహకునిలో సులభముగా వంగును. ప్లీహము దానిని పట్టి తొలగించును. మలేరియా ప్రబలియున్న ప్రాంతములలో ఈ అక్షరము వేల ఏండ్లుగా నశింపక నిలిచియుండుటకు కారణమిదియే. మన పూర్వులలో ఎందరో పసిప్రాయమున జ్వరమునకు బలికాక బ్రతికి బట్టకట్టుటకు ఈ అక్షరమే తోడ్పడియుండును.

నిఘంటువున 'హరి' శబ్దమునకు విష్ణువు, సింహము, కోతి, గుర్రము, సూర్యుడు మొదలగు పెక్కు అర్థములు కలవు. ఏ అర్థమును గ్రహింపవలెనో ప్రకరణమే నిర్ణయించును. జన్యువు విషయమును ఇట్టిదే. మలేరియా గల ఊరిలో ఒక ప్రతిగా వచ్చినప్పుడు కవచము. జంటగా వచ్చినప్పుడు వ్యాధి. మలేరియా లేని నగరమున ఒక ప్రతిగా వచ్చినప్పుడు దాదాపు ఏమియు కాదు. అక్షరము ఒక్కటే, అర్థము మారినది. అక్షరమునకు పుణ్యపాపములు లేనప్పుడు దానిని మోయు మనిషికి ఎక్కడనుండి వచ్చును?

ఇక రెండు ప్రతులలోను ఈ అక్షరము గలవారి సంగతి చూతము. వారందరును సమానముగా బాధపడరు. 1948లో బ్రూక్లిన్ నగరపు శిశువైద్యురాలు జానెట్ వాట్సన్, ఈ వ్యాధిగల పసికందులకు మొదటి నెలలలో బాధ లేకుండుటను గమనించెను. గర్భస్థ శిశువునకు వేరొక తీరు హీమోగ్లోబిన్ ఉండును. పుట్టిన తరువాత అది క్రమముగా తగ్గి పెద్దలకుండు తీరు వచ్చును. శిశువుల హీమోగ్లోబిన్ ఉన్నంతవరకు పేలికలు పెనవేసికొనజాలవు. ఒడిశాలోను, సౌదీ అరేబియా తూర్పు భాగమునను కొందరు రోగులు పెద్దవారైన పిదపను ఆ శైశవ హీమోగ్లోబిన్ అధికముగా గలిగి, వ్యాధి తీవ్రత తక్కువగా నుండుటను వైద్యులు చూచిరి. కారణము వెదకగా, బి.సి.ఎల్.11.ఎ. అను మరియొక జన్యువు ఈ మార్పును నడుపుచున్నదనియు, దానిని నియమించు భాగమున గల అక్షరభేదమే కొందరి యందు శైశవ హీమోగ్లోబిన్‌ను నిలిపియుంచుచున్నదనియు 2008 తరువాత తెలియవచ్చినది.

ఈ ఎరుక వట్టిపోలేదు. రోగి మూలుగనుండి మూలకణములను తీసి, ఆ నియామక భాగమును కత్తిరించి, తిరిగి ఎక్కించు చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతినిచ్చినవి. ప్రకృతి కొందరికి తనంత తానుగా ఇచ్చినదానిని వైద్యుడు మరికొందరికి ఇవ్వగలిగెను. దాని ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. అది మన పేదవానికి అందని ఫలము. శైశవ హీమోగ్లోబిన్‌ను పెంచు హైడ్రాక్సీయూరియా అను మాత్ర మాత్రము చౌకయైనది, ఏండ్లుగా వాడుకలో నున్నది. వైద్యుని పర్యవేక్షణలో దానిని వాడి, నీరు, టీకాలు, జ్వరము రాగానే చికిత్స అను జాగ్రత్తలు పాటించినచో ఎందరో బిడ్డలు చదువుకొని, పెరిగి, గృహస్థులు కాగలరు.

ఇచ్చట 'రాత' అను మాటకు గల రెండవ అర్థము మన యెదుటికి వచ్చును. "వాని రాత అంతే" అని నిట్టూర్చి ఊరకుండువారికి ఇది సమాధానము. అక్షరము మాంసకృత్తును మార్చును. మాంసకృత్తు కణమును మార్చును. కణము దేహమును బాధించును. ఈ ప్రతి మెట్టునందును ఒక ద్వారము కలదు. ఒకచోట మందు ప్రవేశించును. ఒకచోట నీటిచెంబు ప్రవేశించును. ఒకచోట టీకా, మరియొకచోట ఉపాధ్యాయుని దయ ప్రవేశించును. కణములోని రాత వ్రాయబడినదే. ఆ రాత ఎట్లు చదువబడునో కొంతవరకు మన చేతిలో నున్నది. ఆ కొంతను చేయక విధిమీద నెపము మోపుట భక్తి కాదు, అలసత్వము.

ఇప్పుడు తప్పెవరిదను ప్రశ్నకు వత్తము. కొడవలి కణ వ్యాధి గాని, థలసీమియా గాని బిడ్డకు రావలెనన్న తల్లి యొక్క ప్రతి, తండ్రి యొక్క ప్రతి రెండును కావలెను. తల్లి ఒక్కతె ఇచ్చినది కాదు. ఇరువురును వాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. వాహకమగు అవకాశము నాలుగింట రెండు. ఏదియు లేకుండుటకు నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురికి రాదనుకొనుట పొరపాటు; ప్రతి కాన్పునకు లెక్క మరల మొదటికి వచ్చును. అంతేగాక, ప్రతి శిశువు నందును తల్లిదండ్రుల గ్రంథములలో లేని క్రొత్త అక్షరభేదములు సుమారు 60, 70 ఉండును. వానిలో అధికభాగము తండ్రివైపు ప్రతిలో పుట్టినవే. నిందను లెక్కప్రకారము పంచవలసివచ్చినచో కోడలికంటె కొడుకునకే ఎక్కువ పాలు పోవును! కాని నా మనవి అది కాదు. ఎరుగక, కోరక, ఎన్నుకొనక జరిగినదానికి ఎవ్వరును నేరస్థులు కారు. నేరమునకు ఎరుక, ఎంపిక రెండును ఉండవలెను. గర్భమున అక్షరములు కూడునప్పుడు ఆ రెండును లేవు.

"అయినచో వాహకులను సంబంధములనుండి తొలగించినచో సరిపోవును గదా" అని ఒక పూర్వపక్షము కలదు. దీనిని లోకము ఇదివరకే ఆచరించి చూచినది. గ్రీసు దేశమున ఒర్ఖొమెనొస్ అను ప్రాంతమున కొడవలి కణ లక్షణము అధికము. పెద్దలు కుదుర్చు వివాహములే అచ్చటి ఆచారము. పరీక్షలు చేసి ఎవరికి ఏ ఫలితము వచ్చినదో తెలిపినంతనే వాహకులు చిన్నచూపునకు గురియైరి. వారు తమ సంగతిని దాచసాగిరి. పరీక్ష చేసిన ప్రయోజనము దెబ్బతినెను. 1974లో ప్రకటింపబడిన ఆ వృత్తాంతము చదువునప్పుడు మన ఊరి పెండ్లిచూపులే కన్నులకు కట్టును. అమెరికాలో 1970 దశకమున పెక్కు రాష్ట్రములు నల్లజాతివారికి ఈ పరీక్షను నిర్బంధముగా జరిపినవి. ఆరోగ్యవంతులైన వాహకులకు ఉద్యోగములు, బీమా నిరాకరింపబడినవి. వైమానికదళ శిక్షణాలయము వారిని 1981 వరకు చేర్చుకొనలేదు.

సైప్రస్ ద్వీపమున మరియొక మార్గము అవలంబింపబడినది. అచ్చట ఏడుగురిలో ఒకరు థలసీమియా వాహకులు. 1980 దశకమున అచ్చటి క్రైస్తవ మఠాధిపతులు, వివాహము జరిపించుటకు ముందు పరీక్ష చేయించుకొని సలహా పొందినట్లు పత్రము తేవలెనని నియమము పెట్టిరి. ఫలితమేమైనను వివాహము చేసికొనవలెనా, వద్దా అనునది వధూవరుల ఇష్టమునకే విడిచిరి. బహుకొద్దిమంది మాత్రమే విరమించుకొనిరి. వ్యాధితో పుట్టు శిశువులు దాదాపు లేకపోయిరి. గర్భమున పరీక్ష చేయించి గర్భమును తొలగించుకొనుట ఇందుకు ముఖ్యకారణమనునది దాచరాదు. అది మరియొక ఘనమైన ధర్మసందేహము. దంపతులు తమ అంతరాత్మతో తేల్చుకొనవలసినది. మనము గ్రహింపవలసిన అంశము వేరు. ఒర్ఖొమెనొస్‌లోను సైప్రస్‌లోను పరీక్ష ఉన్నది. ఒకచోట తెలిసినది వెలివేతకు సాధనమైనది. రెండవచోట సలహాకు సాధనమైనది.

మన తెలుగునాట మేనరికము ఆచారము. మేనమామ పిల్లల, మేనత్త పిల్లల వివాహమున పుట్టిన బిడ్డకు ఏ జన్యువునందైనను రెండు ప్రతులును ఒకే పూర్వునినుండి వచ్చియుండు అవకాశము పదునారింట ఒకటి. పిల్లను మేనమామకే ఇచ్చినచో ఎనిమిదింట ఒకటి. దగ్గర చుట్టరికము లేకున్నను, చిన్న సమూహములు శతాబ్దములుగా తమలో తామే వియ్యమందుటవలన ఇట్టి సామ్యమే ఏర్పడును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు విదేశ సహచరులతో కలిసి 2017లో ప్రకటించిన పరిశోధనలో, 260కి పైగా దక్షిణాసియా సమూహములను పరిశీలింపగా, 81 సమూహములలో ఈ సామ్యము ఫిన్లాండు జనులకంటెను, అష్కెనాజీ యూదులకంటెను అధికమని తేలినది. పుట్టుకనుబట్టి మనిషికి విలువ కట్టరాదని 12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుడు, శరణులు చాటిరి. కులము చూడమని చెప్పుకొనుచు, రక్తపరీక్ష కాగితము చూచి మనిషిని త్రోసివేయుట ఆ పాత దోషమునకు క్రొత్త వేషము మాత్రమే.

అయినచో ధర్మమేమి? నాకు తోచినది ఇది. సత్యమును తెలిసికొని చెప్పుట వ్యక్తి ధర్మము. చెప్పినవానిని కాపాడుట సమాజ ధర్మము. రెండవదానిని విడిచి మొదటిదానిని మాత్రమే కోరుట అన్యాయము. చెప్పినచో పెండ్లి కాదని భయపెట్టి, దాచినచో మోసగాడని నిందించు సమాజము తానే ఆ మోసమున భాగస్వామి.

అంతమాత్రమున దాచుట తగునని కాదు. ఎరుగకముందు నేరము లేదు. ఎరిగిన తరువాత బాధ్యత వచ్చును. కాబోవు భాగస్వామికి చెప్పి తీరవలెను. ఎందుకనగా ఫలితము అనుభవించువారు నోరులేని శిశువు. కాని ఊరికి చాటవలసిన పని లేదు. పరీక్ష ఫలితము పరీక్షింపబడినవారి సొత్తు. మధ్యవర్తులది కాదు, బంధువులది కాదు. పరీక్ష పిల్లకు మాత్రమే చేయించుట అధర్మము, వరుడును చేయించుకొనవలెను. కొడవలి కణ లక్షణము ఒకరియందు, థలసీమియా లక్షణము మరియొకరియందు ఉన్నను బిడ్డకు వ్యాధి రావచ్చును గనుక రెండింటికిని పరీక్ష అవసరము. నిశ్చితార్థమైన తరువాత తెలిసినచో మాటపట్టింపు అడ్డువచ్చును. సంబంధము వెదకుటకు ముందే తెలిసియుండుట ఉత్తమము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ రెండు వ్యాధులను గుర్తించియున్నది. బాధితుల కుటుంబములు ఆ హక్కును అడిగి పొందవలెను.

మఠములు ఇందు చేయగలిగిన మేలు తక్కువది కాదు. సామూహిక వివాహములు జరిపించునప్పుడు కొన్ని నెలల ముందుగా వధూవరులకు రక్తపరీక్ష, వైద్యుని సలహా ఏర్పాటు చేయవచ్చును. ఫలితమును మఠము అడుగరాదు. పరీక్ష జరిగినదా యని మాత్రమే అడుగవలెను. వాహకులని తెలిసినవారి పెండ్లికి పెద్దలు ముందు వరుసలో కూర్చుండి అక్షతలు వేయవలెను. ఆ దృశ్యము వంద ఉపన్యాసములకంటె ఎక్కువ చెప్పును.

"ఎవరి వైపునుండి వచ్చినది?" అని ఇకమీదట మన ఇండ్లలో ఎవరైనను అడిగినప్పుడు, "ఇరువైపులనుండియు వచ్చినది, ఇరువైపులవారమును కలిసి మోయుదము" అని బదులు చెప్పగల పెద్ద ఒక్కరు ఇంటింట ఉన్నచో, ఆ బిడ్డకు మందు సమయమునకు అందును, ఆ తల్లికి తల ఎత్తుకొని తిరుగు ధైర్యము కలుగును.